హోసన్నకు గొంగడి

గుర్రానికి వెంట్రుకలు తీయించాలా వద్దా అన్న మాట మీద ఆ చలికాలం మొదట్లో మా ఇంట్లో లేచిన లొల్లి, మా బిడ్డ జెరూషా ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగానికి చేరినప్పుడు కూడా లేవలేదు. తలా ఒక సలహా. ఆ గుర్రానికి ఒక్కనాడు దోసెడు గడ్డి వేసిన చెయ్యి ఒక్కటీ లేదు గానీ, నోళ్లు మాత్రం అన్నీ లేచాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు కదా, ఆ ఉలిపికట్టెను నేను. అందరూ తీయించమన్నారు. నేను వద్దన్నాను.

నా పేరు ఏలియా. మా నాయన నాటి నుంచి మాది బారాత్ గుర్రాల పని. పెళ్లికొడుకును ఎక్కించుకుని, ముందు బ్యాండు మోగుతుంటే గుర్రాన్ని నాచ్ చేయిస్తూ ఫంక్షన్ హాల్ గేటు దాకా తీసుకుపోవాలి. శంషాబాద్ చుట్టుపక్కల గుర్రమెక్కిన పెళ్లికొడుకుల ఫొటోలు తీసి చూడండి, కళ్లెం పట్టుకుని మూలన సగం తెగిపోయి కనబడే మనిషిని నేనే.

హోసన్న మా ఆఖరి గుర్రం. తెల్లది. యేసు గాడిదనెక్కి వస్తే జనం హోసన్న అని కేకలేసిన మట్టల ఆదివారం నాడు ఇంటికి తోలుకొచ్చాను గనుక ఆ పేరు. "ఈ దినం రావాల్సింది గాడిద గదా ఏలియా" అని పాస్టరుగారు నవ్వారు గానీ, ప్రార్థన చేసే పంపారు. ఆ పేరుతోనే అది ఎంతమంది పెళ్లికొడుకులను మోసిందో లెక్క లేదు. మా వాకిట్లోంచి ఉత్త నుదురుతో పోయి, కుంకుమబొట్టుతో, మెడ నిండా బంతిపూలతో తిరిగొచ్చేది. కొన్నేళ్ల కింద దాని కాళ్లు ఇక బరువు మోయలేమన్నాయి. నేను ఆ పని మానేసి గగన్‌పహాడ్‌లో ఒక గోదాముకు రాత్రి వాచ్‌మన్‌గా కుదిరాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పోతే, మళ్లీ పొద్దెక్కాకే ఇల్లు. గుర్రాన్ని మాత్రం అమ్మలేదు. కడుపున పుట్టినదాన్ని ముసలిదైందని అమ్ముకుంటామా?

ఆ ఏడు ఎండాకాలంలో రాలాల్సిన దాని వెంట్రుక రాలలేదు. వానలు వెనకబట్టేసరికి బెత్తెడు పెరిగి, ఉంగరాలు తిరిగి, ఒళ్లంతా జడలు కట్టింది. మా పక్కింటి కుర్మయ్యకు గొర్రెల మంద ఉంది. "ఏలియన్నా, నా పొట్టేలు గిట్ల మీ కొట్టంలకు వచ్చిందా ఏంది, దీనికి ఉన్ని మొలిచింది?" అని వాడొక జోకు. నేను నవ్వలేదు. మా దగ్గర చలికాలం సంగతి తెలిసిందే. మధ్యాహ్నం ఎండ మాడు పగలగొడుతుంది, చీకటి పడగానే ఎయిర్‌పోర్ట్ గోడ అవతలి ఖాళీ జాగా మీంచి చలి కత్తిలాగా వస్తుంది. పగలంతా హోసన్న ఆ ఉన్నిలో ఉడికి చెమటతో తడిసేది. ఆ తడి ఆరకముందే చలి పడేది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గజగజ వణుకుతూ నిలబడి ఉండేది. మేత సగం అట్లనే మిగిలేది.

పశువుల డాక్టరు శిరీషగారు వచ్చి చూశారు. ఆమెది కోస్తా వైపు, మాట మెత్తగా ఉంటుంది.

"ముసలితనంలో వచ్చే జబ్బండీ ఇది, ఏలియా గారూ. వెంట్రుకలు వాటంతటవి రాలవు. మాత్రలు రాస్తాను. బెల్లం పూర్తిగా మానేయండి. ఒంటి మీద వెంట్రుకలు తీయిస్తే పగలు హాయిగా ఉంటుంది. కానీ తీయించాక రాత్రిపూట కప్పాలి. చీకటి పడగానే కప్పాలి, ఎండ రాగానే తీయాలి. చలికాలం పోయేదాకా ఒక్క రోజు కూడా తప్పకూడదు. తీయడం ఒక్క పూట పని, కప్పడం రోజూ పని. కప్పేవాళ్లు లేకపోతే మాత్రం తీయించకండి, ఉన్నది కూడా పోగొట్టినవాళ్లమవుతాం."

ఇదిగో, ఈ చివరి మాట దగ్గరే చిక్కు. చీకటి పడేసరికి నేను గగన్‌పహాడ్‌లో గోదాము ముందు కుర్చీ వేసుకుని ఉంటాను. జెరూషాకు షిఫ్టులు, ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి. కుర్మయ్య ముందే చేతులు దులుపుకున్నాడు. "కత్తిరించుమంటే కత్తిరిస్త. కప్పనీకి నా గొంగడి కూడ ఇస్త. గని రోజు వచ్చి కప్పుడు నాతోని కాదన్నా, నా గొర్లు నాకున్నయ్." ఇక మిగిలింది నా భార్య యేసమ్మ.

యేసమ్మ ఆ గుర్రాన్ని ముట్టుకోదు. సవతి అంటుంది దాన్ని. ఆ కోపం హోసన్న మీద కాదు, అది పుట్టక ముందుది. మా పెళ్లినాడు చర్చి నుంచి ఇంటి దాకా ఆమెను గుర్రం మీద ఊరేగిస్తానని నేను నిశ్చితార్థంలోనే పదిమందిలో గొప్పలు పోయాను. అదే ముహూర్తానికి మా నాయన గుర్రాన్ని బాలాపూర్‌లో ఇంకో పెళ్లికి ఒప్పుకున్నాడు. ఆ సంగతి నాకు చర్చి మెట్లు దిగుతుంటే చెప్పాడు. ఇంకేముంది, గుర్రాలవాళ్ల కొత్త కోడలు ఆటోలో ఊరేగింది. "గుర్రపోని పెండ్లి ఆటోల" అని వాడకట్టు మొత్తం నవ్వింది. ఆ తర్వాత ముహూర్తాలు వచ్చిన ప్రతి సాయంత్రం నేను ఇంకొకరి బారాత్‌కు పోతుంటే, ఆమె కూర వేడి చేసుకుంటూ ఆ మాట మళ్లీ అనేది. ఆ చలికాలం దాకా అంటూనే ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే చాలు, ఆటో వచ్చేసేది.

అట్లాంటి మనిషిని, నా గుర్రానికి రోజూ గొంగడి కప్పు అని ఏ మొహం పెట్టుకుని అడగను? నేను అడగను. అందుకని దేవుడిచ్చిన వెంట్రుక మీద మనిషి కత్తెర వేయొద్దని పెద్ద పెద్ద మాటలు మాట్లాడాను.

"మరి నువ్వు నెలకోసారి మంగలి షాపుకు ఎందుకు పోతవ్ బాపు?" అంది జెరూషా.

"గుర్రానికి గుండు కొట్టిస్తే ఊరోళ్లు నవ్వుతరే," అన్నాను.

"తిరుపతి పోయొచ్చిందంటరు, అంతే గద!" అని కుర్మయ్య గోడ మీంచి అందుకున్నాడు. ఆ గోడ ఇంకో రెండడుగులు లేపాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

యేసమ్మ మాత్రం ఏమీ అనలేదు. చింతపండు పిసుకుతూ కూర్చుంది. ఆమె మాట్లాడితే నాకు కోపం, మాట్లాడకపోతే భయం.

అట్లా వారం గడిచింది. ఒక రోజు మధ్యాహ్నం నిద్ర లేచి కొట్టంలోకి పోతే హోసన్న కింద పడుకుని ఉంది. గుర్రం పగటిపూట అట్లా కాళ్లు చాపి పడుకోదు. ఒళ్లంతా చెమటతో నానిపోయి ఉంది, డొక్కలు ఎగసిపడుతున్నాయి. డాక్టరమ్మ వద్దన్నా సరే అని బెల్లం ముక్క మూతి దగ్గర పెట్టాను. వాసన చూసి మూతి తిప్పేసుకుంది. బెల్లం కోసం ఫంక్షన్ హాల్ వంటశాలలోకి దూరిన గుర్రం అది. ఇది చచ్చిపోతే నేనేం చేయాలి అనుకున్నాను. ఇంకే ఆలోచనా రాలేదు.

లేచి ఇంట్లోకి పోయాను. యేసమ్మ వంటగదిలో బియ్యం ఏరుతోంది. నేను గడప దగ్గర నిలబడి గోడకున్న క్యాలెండర్‌తో మాట్లాడాను.

"ఎవరన్న జర రాత్రిపూట కప్పేటోళ్లుంటే, కత్తిరించొచ్చు."

"ఎవరిని అడుగుతున్నవ్? క్యాలెండర్నా?"

"నిన్నే."

"నన్నయితే నా దిక్కు చూసి అడుగు."

చూశాను. "యేసమ్మా, నువ్వు కప్తవా?"

ఆమె చేట పక్కన పెట్టింది. "వారం సంది నీ నోట్లకెల్లి గీ ముక్క ఎప్పుడొస్తదా అని చూస్తున్న. అది వణుకుతుంటే నాకు మాత్రం నిద్ర పడ్తున్నదా? కప్త. గని ఒక్క మాట. నేను ఎట్ల కప్తనో, ఏం చేస్తనో నువ్వు అడుగొద్దు. గుర్రాల సంగతి నీకే తెలుసన్నట్టు నా మీద పెత్తనం చేయొద్దు."

సరే అన్నాను. ఆ పూట నడిరోడ్డు మీద ఒంటికాలితో నిలబడమన్నా సరే అనేవాణ్ణి.

మర్నాడే పని పెట్టుకున్నాం. డాక్టరమ్మ ఎక్కడో గుర్రాల క్లబ్బు నుంచి కరెంటు మిషను తెప్పించింది. కుర్మయ్య తన గొర్రెకత్తెర నడుముకు దోపుకుని వచ్చి, ముందు దీన్ని వెల్లకిలా పడేసి నాలుగు కాళ్లూ కట్టేద్దామన్నాడు. గొర్రెకైతే అట్లనే చేస్తారట. నువ్వే దాని కింద పడతావురా అని తిట్టి, మిషను చేతికిచ్చాను. మిషను గుయ్యిమంటుంటే గుర్రం బెదురుతుందేమోనని డాక్టరమ్మ దూరంగా నిలబడింది గానీ, హోసన్నకు అదొక లెక్కా? చెవుల పక్కన బ్యాండ్లు, కాళ్ల కింద పటాకులు చూసిన ప్రాణం. పైగా జెరూషా సరదాకు ఫోన్లో బారాత్ పాట పెట్టింది. హోసన్న చెవి కూడా కదపలేదు. దాని వీపు మీద మఖ్మల్ బట్ట పడితేనే దానికి బారాత్, లేకపోతే ఎంత మోగినా అది వేరేవాళ్ల పెళ్లి.

కుర్మయ్య కోత ఎట్లా కోశాడంటే, ఒకచోట నున్నగా, ఒకచోట మెట్లు మెట్లుగా. తలా కాళ్లూ వదిలేసి ఒంటి మీద మొత్తం తీశాడు. వాకిలి నిండా తెల్ల వెంట్రుకలు కుప్పలు పడ్డాయి. ఆ ఉన్ని కిందినుంచి బయటపడిన గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. పక్కటెముకలు కనబడుతున్నాయి, వీపు లోపలికి ఒంగిపోయింది. ఇన్నాళ్లూ ఆ వెంట్రుక చాటున దాని వయసు నాకు కనబడలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంట్రుక పడిందన్నాను.

హోసన్న మాత్రం ఒళ్లు ఒక్కసారి విదిలించి, గాలి తగిలిన సుఖానికి పెద్దగా ఊపిరి వదిలి, నేరుగా పోయి మేతలో మూతి పెట్టింది.

ఆ సాయంత్రం నేను డ్యూటీకి పోయాను. కుర్మయ్య ఇచ్చిన నల్ల గొంగడికి యేసమ్మ లోపలి వైపు తన పాత నూలుచీర కుట్టి ఉంచింది, గొంగడి గరుకు దాని ఒంటికి గుచ్చుకోకుండా. నాకు ఆ ఆలోచన రాలేదు. గోదాము ముందు కుర్చీలో కూర్చున్నానో లేదో ఫోను.

"నీ బిడ్డ గేటు కాడ నాచ్ చేస్తున్నది," అంది యేసమ్మ.

"ఎవరు? జెరూషానా?"

"నీ పెద్దబిడ్డ. గొంగడి కప్పిన్నో లేదో మెడ లేపింది, కాళ్లు టకటకలాడిస్తున్నది. కొట్టంల నిలవడ్తలేదు. గేటుకు ఛాతీ పెట్టి నూకుతున్నది."

నేను తల కొట్టుకున్నాను. ఇంత అనుభవం పెట్టుకుని ఈ సంగతి ఎట్లా తట్టలేదు? వీపు మీద బట్ట పడిందంటే బారాత్ ఉందని దాని లెక్క. జీవితమంతా అంతే జరిగింది దానికి. ఇప్పుడు గొంగడి పడింది గనుక బ్యాండు ఎక్కడ, పెళ్లికొడుకు ఎక్కడ అని వెతుకుతోంది. ఇట్లా రాత్రంతా నిలబడితే, చలి నుంచి కాపాడబోయి కాళ్లు పోగొడతాం. గొంగడి తీస్తే చలికి పోతుంది. వెంట్రుకలా, మళ్లీ అతికించలేం.

"యేసమ్మా, జర నా మాట ఇను. బారాత్ అయిపోయిందని తెలిస్తేనే అది పండుకుంటది. లోపల గోడ మొలకు దాని తురాయి ఉన్నది చూడు, ఎర్ర కుచ్చులది. నుదుటికి కట్టు. జెరూషాను పాట పెట్టుమను. జర దూరం నడిపిచ్చి మళ్ల గేటు కాడికి తే. అప్పుడు తురాయి తీసి, నుదురు రుద్ది, 'అయిపోయింది బిడ్డా, ఇగ ఇంటికి రా' అని బెల్లం పెట్టాలె. నేను ప్రతి పెండ్లిల అట్లనే చేసేటోన్ని."

"బెల్లం బందు గద?"

"క్యారెట్ పెట్టు."

"గుర్రపోన్ని చేసుకొని ఆటోల ఊరేగిన. ఇప్పుడు పెండ్లికొడుకు లేని బారాత్ చేయాల్నా నేను?" అని ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి నేను గోదామును కాశానో, గోదామే నన్ను కాసిందో చెప్పలేను. తెల్లవారి పరుగెత్తినట్టు ఇంటికి వచ్చాను. హోసన్న గడ్డిలో ముడుచుకుని పడుకుని ఉంది. గొంగడి మీద మంచు పట్టింది. చెయ్యి లోపలికి పెడితే ఒళ్లు వెచ్చగా ఉంది. వణుకు లేదు. యేసమ్మ చాయ్ తెచ్చి చేతికిచ్చింది.

"ఎట్ల చేసినవే?"

"అడుగొద్దన్న గద."

అడగలేదు. రోజులు గడిచాయి. హోసన్న మేత మొత్తం ఖాళీ చేయసాగింది. దాని కళ్లల్లో వెలుగు వచ్చింది. యేసమ్మలో కూడా ఏదో మార్పు. సాయంత్రం అవుతుంటే నన్ను తొందరగా డ్యూటీకి పంపేది. కూరలో ఉప్పు ఎక్కువైందని కావాలనే అన్నా ఆటో రాలేదు. నాకు అనుమానం పట్టుకుంది. మా వాడకట్టు ఆడవాళ్లు నన్ను చూసి నవ్వు ఆపుకోవడం కూడా మొదలైంది.

క్రిస్మస్‌కు సెలవు దొరికింది. పొద్దున చర్చి, మధ్యాహ్నం బిర్యానీ, అన్నీ అయ్యాయి. పొద్దుగూకుతుంటే యేసమ్మ, "ఊకె కూసోని ఏం చేస్తవ్? పాస్టరుగారి ఇంటికి పోయి కేకు ఇచ్చి రాపో," అంది. పోయాను. కేకు ఆయన చేతిలో పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా తిరిగొచ్చాను. మా గల్లీ మొదట్లోకి రాగానే బ్యాండు పాట వినబడింది.

ఇళ్ల మీద కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి. గల్లీలో సగం ఊరు ఉంది. జెరూషా చేతిలో పెద్ద స్పీకరు. కుర్మయ్య గొర్రెల కర్ర నెత్తి మీద తిప్పుతూ ఎగురుతున్నాడు. వెనక ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. మధ్యలో నల్ల గొంగడి కప్పుకుని, నుదుట ఎర్ర తురాయితో, ముసలి కాళ్లను ముద్దుగా ఎత్తి వేస్తూ హోసన్న. దాని కళ్లెం పట్టుకుని, తలలో చామంతిపూలు పెట్టుకుని, రాణిలా యేసమ్మ.

ఎదురింటి చంద్రమ్మ గట్టిగా అరిచింది. "పెండ్లికొడుకు యాడున్నడే యేసమ్మా?"

"ఆటోల వస్తుండు!" అంది యేసమ్మ. గల్లీ మొత్తం గొల్లుమంది. రోజూ అడిగే ప్రశ్నే, రోజూ చెప్పే జవాబే అని ఆ నవ్వులోనే తెలిసిపోయింది.

నాకు ముందు కోపం వచ్చింది. రోజూ నా పరువు గల్లీలో ఊరేగుతోందన్నమాట. రెండడుగులు ముందుకు వేశాను కూడా. అప్పుడు యేసమ్మ ముఖం నక్షత్రం వెలుగులోకి వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ ఆటో మాట ఆమె నోట్లోంచి ముల్లులాగా రావడమే చూశాను. ఇప్పుడు అదే మాట అని, నోరారా నవ్వుతోంది. ఎంత అందంగా ఉందో! నేను పట్టిన అన్ని కళ్లేల వెనక అంత అందమైన బారాత్ ఒక్కటీ లేదు.

గల్లీ మలుపులో కుర్మయ్య కొడుకు గోవర్ధన్ ఆటో ఆగి ఉంది. పోయి ఎక్కి కూర్చున్నాను.

"యాడికన్నా?" అన్నాడు గోవర్ధన్.

"మా ఇంటికే. మెల్లగ పోనియ్. హారన్ కొట్టు."

గోవర్ధన్ తెలివైనవాడు, ఇంకేమీ అడగలేదు. హారన్ మోగిస్తూ బారాత్ వెనకాలకు తెచ్చాడు. ముందు చంద్రమ్మ చూసింది. "ఓసి నీ! వచ్చిండే! నిజంగనే ఆటోల వచ్చిండే!" అని కేక పెట్టింది. యేసమ్మ తిరిగి చూసింది. నేను ఆటోలోంచి తల బయటపెట్టి, పెళ్లికొడుకులాగా రెండు చేతులూ జోడించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. హోసన్న ఒక్కటే మా వంక చూడకుండా తన నాచ్ తాను చేసుకుంటూ గేటు దాకా నడిచింది. పని మీద ఉన్నప్పుడు దానికి ఎవరూ పట్టరు.

గేటు దగ్గర పాట ఆగింది. యేసమ్మ తురాయి విప్పి, నుదురు రుద్ది, దాని చెవిలో మెల్లగా అంది. "అయిపోయింది బిడ్డా, ఇగ ఇంటికి రా." క్యారెట్ ముక్క నమిలి, హోసన్న తనంతట తానే కొట్టంలోకి పోయి గడ్డిలో ఒరిగింది. జనం నవ్వుకుంటూ ఎవరిళ్లకు వాళ్లు పోయారు. నేను ఆటో దిగి, ఏం చేయాలో తెలియక గేటు బయటే నిలబడ్డాను.

యేసమ్మ కొంగు ముడి విప్పింది. అందులో బెల్లం ముక్క ఉంది.

"దానికి బందు గద. నువ్వు తిను," అని నా నోట్లో పెట్టింది. చేయి కొంగుకు తుడుచుకుని గేటు తెరిచి పట్టుకుంది.

"అయిపోయింది తియ్. ఇగ ఇంట్లకు రా."

పోయాను.